కౌంటు

పొద్దున్న ఐదున్నరకి ఫోను మోగుతుంది.
కంపెనీ గుమస్తా రేట్లు చెబుతాడు, నేను పలక మీద రాస్తాను:
ముప్పై కౌంటు, నలభై, యాభై, వంద.
కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంటు.
పేరుపాలెం రోడ్డు మీద పద్దెనిమిదేళ్ళుగా
ఇదే నా చేతిరాత.

ఆ మంగళవారం ఫోను ఆలస్యమైంది.
"అమెరికాలో పన్నేశారంట, వేణమ్మా.
ముప్పై కౌంటుకి అరవై కొట్టెయ్యి."
తడిగుడ్డతో తుడిచాను.
పాత అంకె తాలూకు తెల్లమరక ఎంతకీ పోలేదు.

నక్కా ఏసుదాసు వచ్చి పలక ముందు నిలబడ్డాడు,
పరీక్ష తప్పిన కుర్రాడిలా.
నాలుగెకరాల కౌలు చెరువు.
కరెంటు పోయిన రాత్రుళ్ళు డీజిలు పోసి
ఏరేటర్లు తిప్పిన ఎర్రకళ్ళు.
"నాకు ఓటు లేని ఊళ్ళో ఎవడు గెలిస్తే
నాకేటిలే అనుకున్నానండీ."

కొప్పాడి సూరన్న బల్ల మీంచి దగ్గాడు.
ముప్పై ఏళ్ళు లాకు దగ్గర లస్కరు.
"అక్కడ పెద్ద పార్టీలు రెండేనంటరా.
ఒకదానికి ఏనుగు గుర్తు, ఒకదానికి గాడిద.
రెండూ మన గట్టు మీద నడిస్తే దిగబడిపోతాయి.
నడిపించేది వేరే.

"లాకు తలుపు ఎంత ఎత్తాలో
కాగితమ్మీద రాసుండేది నాకు.
ఎనిమిదింటికి మిల్లోళ్ళు వచ్చేవోరు,
తొమ్మిదింటికి చెరువుల సంఘం,
పదింటికి ఎమ్మెల్యేగారి మనిషి.
ఒక్కడూ లంచం అన్లేదు. టీ తాగేవోరు.
మా పిల్లల చదువులు అడిగేవోరు.
ఆళ్ళెళ్ళాక చూస్తే తలుపు
కాగితం చెప్పినంత ఉండేది కాదు.
ఆ టీ తాగే వసారాకే
అమెరికాలో లాబీ అని పేరు."

సముద్రానికి అవతల కూడా వల లాగేవాళ్ళున్నారట.
తుప్పు పట్టిన పడవలు, తీరని డీజిలు బాకీలు.
మన రొయ్య చవగ్గా దిగి వాళ్ళ రేవు బోసిపోయిందట.
సంఘం కట్టారు, చందాలేసుకున్నారు, వకీలుని పెట్టారు.
ఏనుగు దగ్గరికెళ్ళారు, గాడిద దగ్గరికీ వెళ్ళారు.
ఎన్నికల ముందు రెండింటికీ మేత చల్లి,
మనం చెక్‌ట్రే ఎత్తి చూసుకున్నట్టే
ఎంత తిన్నాయో చూసుకున్నారు.
చవక రొయ్య కావాలనే హోటళ్ళ సంఘం
అదే వసారాలో, వాళ్ళ పక్క కుర్చీలోనే కూర్చుందట.
ఈసారి వాళ్ళ టీ చల్లారిపోయింది.

మనది శివారు.
పైన ఎవరు తలుపు దించినా
ముందు బీట తీసేది ఇక్కడే.

మనమూ ఒక సంఘం కడదామని
పాలకొల్లు కల్యాణమండపంలో మీటింగు పెట్టారు.
పదకొండింటికి ఒక షామియానా,
పన్నెండున్నరకి రెండు. రెండు రంగుల కండువాలు.
ఎవరి నాయకుడి ఫొటో పెద్దదన్న దగ్గర
కుర్చీలు లేచాయి.
భోజనాలు మాత్రం అందరూ కలిసే తిన్నారు.

మూడో సంఘానికి షామియానా లేదు.
ఏ కంపెనీ ఫోను చేసినా
పైసా తేడా లేకుండా ఒకటే రేటు.
పన్ను పడకముందే ఐసులో పెట్టిన సరుక్కీ
పన్ను పడ్డ రేటే.
నేనెప్పుడూ అడగలేదు.
పలక వాళ్ళది, సుద్దముక్క వాళ్ళది.

నిన్న రాత్రి ఏసుదాసు చెరువు పట్టారు.
ఫ్లడ్‌లైటు కింద నడుంలోతు నీళ్ళలో మనుషులు,
గట్టు మీద ఐసు పగలగొట్టే చప్పుడు.
కాటా దగ్గరికి ఏసుదాసు గ్లాసుతో టీ తెచ్చాడు.
"మీ అమ్మాయి పాలిటెక్నిక్ ఎలా చదువుతోందండీ?"
అల్లం వేసిన టీ. నేను తాగాను.

కిలో తూచి తొట్టిలో పోసి లెక్క మొదలెట్టాను.
ముప్పైకి ఒక్కటి పెరిగినా
రేటు కింది మెట్టుకి పోతుంది.
ఇరవై ఎనిమిది.
ఇరవై తొమ్మిది.
ముప్పై.
ఏసుదాసు నా మొహం చూడటం లేదు, చెయ్యి చూస్తున్నాడు.
ముప్పై ఒకటోది
నా అరచేతిలో ఇంకా ఎగురుతోంది.